ఇల్లు చెప్పని అభిప్రాయాలు



ఒక వస్తువును కొనదలచినవాడు, తనకంటె ముందు దానిని కొన్నవారి మాట వినడం మంచి సంప్రదాయమే. సంతలో ఎద్దులను కొనే రైతు వాటి పళ్ళు చూసి ఊరుకోడు. అవి ఏ ఊరివో, ఏ నేలలో దున్నాయో కూడా విచారిస్తాడు. నల్లరేగడిలో నాగలి లాగిన ఎద్దు వేరు, ఇసుక నేలలో నడిచిన ఎద్దు వేరు అని అతనికి తెలుసు. ఇప్పుడు అంతర్జాలంలో మనం చేసే కొనుగోళ్ళకు ఆ విచారణ స్థానంలో నక్షత్రాల వరుస వచ్చింది. నేల మాట పోయింది, నక్షత్రం మాత్రం మిగిలింది.

ఇంట్లో వాడుకొనే డ్యూయల్ బ్యాండ్ వైఫై రౌటరు విషయంలో ఈ లోటు మరీ ప్రస్ఫుటంగా కనబడుతున్నది. మిత్రుడొకరు అటువంటిది కొనదలచి, కొన్నవారి అభిప్రాయాలు చదివి సారాంశం చెప్పమని నన్ను కోరారు. వందకు పైగా చదివాను. ముప్పై ఏళ్ళకు పైగా జవాబు పత్రాలు దిద్దినవాడిని కనుక ఆ అలవాటు చొప్పుననే చదివాను. నాకు తోచినది ముందే చెబుతాను. తన ఇంటిని గురించి చెప్పకుండా రౌటరును గురించి చెప్పిన యజమాని మాట కొనేవానికి అక్కరకు రాదు. రాకపోవడమే కాదు, కొన్నిసార్లు చేటు కూడా చేస్తుంది.

ముందుగా ఒక మాట. డ్యూయల్ బ్యాండ్ అనే దానికి ఈ వ్యాసంలో 'జోడుబాట' అని వాడుకుంటాను. రౌటరు నుండి మన ఫోనుకు సమాచారం వెళ్ళడానికి రెండు బాటలుంటాయి కనుక ఈ పేరు అర్థానికి తగి ఉన్నదనుకుంటాను. రుచించనివారు డ్యూయల్ బ్యాండ్ అనే చదువుకోవచ్చు, నాకు పట్టింపు లేదు.

నేను చదివిన అభిప్రాయాలలో అధిక భాగం రెండు మాటలలో ముగుస్తాయి. 'చాలా మంచిది', లేదా 'పరమ చెత్త'. తరగతి గదిలో పిల్లలకు మొదట నేర్పే సంగతి ఒకటున్నది. విశేషణం ఒంటరిగా నిలవదు, దానికి విశేష్యం కావాలి. 'మంచిది' అన్నారు సరే, మంచిది ఏది? రౌటరా? వారు కట్టించుకున్న ఇల్లా? వారు నెలనెలా డబ్బు కడుతున్న కనెక్షనా? వారి చేతిలోని ఫోనా? ఈ నాలుగూ కలిసి ఇచ్చిన ఫలితాన్ని చూసి, పొగడ్త గాని తిట్టు గాని నాలుగింటిలో ఒక్కదానికే అంటగడుతున్నారు. విశేషణం సరైనదే కావచ్చు గాని అన్వయం తప్పింది. నేను దిద్దే రోజులలో ఇటువంటి వాక్యం కింద ఎర్ర గీత తప్పనిసరిగా పడేది.

ఇంటికీ రౌటరుకూ ఇంత సంబంధం ఎందుకున్నదో తెలియాలంటే ఆ రెండు బాటల స్వభావం తెలియాలి. మొదటి బాట 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో నడుస్తుంది. ఆ తరంగదైర్ఘ్యం సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. రెండవది 5 గిగాహెర్ట్జ్ బాట, దాని తరంగదైర్ఘ్యం ఐదారు సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. పొడుగు తరంగం గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది, పొట్టి తరంగం గోడ దగ్గర త్వరగా నీరసిస్తుంది. అయితే వెడల్పు మాటకొస్తే పరిస్థితి తలకిందులు. మన దేశంలో 2005లో లైసెన్సు అక్కరలేకుండా విడిచిపెట్టిన 2.4 పట్టీ వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్ మాత్రమే. 2018 అక్టోబరులో విడిచిపెట్టిన 5 గిగాహెర్ట్జ్ పట్టీలు మొత్తం 605 మెగాహెర్ట్జ్. అంటే మొదటిది దూరం పోయే ఇరుకు డొంక, రెండవది దగ్గరలోనే ఆగిపోయే విశాలమైన రాజమార్గం.

ఆ డొంకలో ఒకదానినొకటి రాసుకోకుండా నడవగల వరుసలు మూడే: 1, 6, 11 అనే ఛానళ్ళు. ఇరవై కుటుంబాలున్న అపార్టుమెంటులో ఇరవై రౌటర్లూ ఈ మూడు వరుసలలోనే ఇరుక్కోవాలి. వాటికి తోడు బ్లూటూత్ పరికరాలు అదే పట్టీలో మాట్లాడుకుంటాయి. వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి కూడా ఇంచుమించు అదే పౌనఃపున్యంలో పనిచేస్తుంది. అందుచేత అపార్టుమెంటులో ఉండేవారికి 5 గిగాహెర్ట్జ్ బాట నిజంగా వరమే. పల్లెటూరి శివారున, చుట్టూ ఖాళీ స్థలంతో, మందపాటి గోడల పాత ఇంట్లో ఉండేవారికి ఆ పాత ఇరుకు బాటే ప్రాణాధారం. ఒకే రౌటరును ఈ ఇద్దరూ కొంటే ఇద్దరి అనుభవమూ ఒకటి కానేరదు. ఇద్దరూ సత్యవంతులే అయినా ఒకరు ఐదు నక్షత్రాలిస్తారు, మరొకరు ఒక్కటిస్తారు. సగటు తీస్తే మూడు వస్తుంది. ఆ మూడు ఏ ఇంటికీ చెందని అంకె.

మన ఇళ్ళు ఎన్ని రకాలో ఆలోచించండి. మిద్దెలు, పెంకుటిళ్ళు, మండువా లోగిళ్ళు, నాలుగున్నర అంగుళాల అడ్డుగోడల ఫ్లాట్లు. గది మూలన ఇనుప బీరువా ఉంటుంది. అలమరలో కడప బండలు పరిచి ఉంటాయి. కిటికీకి దోమల కోసం బిగించిన లోహపు జాలీ ఉంటుంది. నిలువుటద్దం వెనుక పూత కూడా లోహమే. వైఫై తరంగానికి ఇవన్నీ అడ్డంకులే. ఇవేవీ చెప్పకుండా 'మా ఇల్లంతా అందుతున్నది' అంటే వినేవాడు ఏమి గ్రహించాలి?

ఇక పెట్టె మీద అచ్చువేసే అంకెల సంగతి. ఈ తరగతి రౌటర్ల మీద తరచు కనబడేది 'ఏసీ 1200'. ఆ 1200 ఒక్క బాట వేగం కాదు. 2.4 బాటకు 300, 5 బాటకు 867, రెండూ కూడగా వచ్చిన 1167ను గుండుగా చేసిన అంకె అది. సాధారణంగా ఫోను ఒకేసారి రెండు బాటలనూ కలిపి అంత వేగం అందుకోదు. పైగా ఆ అంకెలు సిద్ధాంత పరిమితులు, వాడుకలో సగమో, సగానికి కాస్త ఎక్కువో వస్తే అదే పదివేలు. 'పన్నెండు వందలన్నారు, నాకు మూడు వందలే వస్తున్నది, మోసం' అని రాసినవారిని చూశాను. వారి ఆవేదన నిజమే, కాని వారు నిందించవలసింది అంకెలు కూడే ఆ అచ్చు పద్ధతిని. ఆ ఒక్క రౌటరునే నిందించి ప్రయోజనం లేదు.

మరొక భ్రమ బిట్లకూ బైట్లకూ మధ్య తేడా తెలియక వచ్చేది. కనెక్షను అమ్మేవారు మెగాబిట్లలో చెబుతారు, ఫైలు దించుకొనేటప్పుడు తెర మీద మెగాబైట్లు కనబడతాయి. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి వంద మెగాబిట్ల ప్లానుకు సెకనుకు పన్నెండు మెగాబైట్ల చొప్పున దిగితే అది న్యాయంగా రావలసినదే. 'వందకు పన్నెండే వస్తున్నది' అని రౌటరుకు ఒక్క నక్షత్రమిచ్చినవాడు, పావు కిలో రాయితో కిలో తూచి కొట్టువాడిని తిట్టినట్టు.

ఇద్దరు నిజం చెప్పి కూడా మూడవవానిని తప్పుదోవ పట్టించగలరు అనడానికి ఒక ఉదాహరణ. టీపీ-లింక్ వారి ఆర్చర్ సీ50, ఆర్చర్ సీ6 అనే రెండు రౌటర్లున్నాయి. రెండింటి మీదా అదే 1200 అంకె. కాని సీ50కి తీగ తగిలించే రంధ్రాలు వంద మెగాబిట్లవి, సీ6కి వెయ్యి మెగాబిట్లవి. నలభై మెగాబిట్ల ప్లాను ఉన్నవాడు సీ50 కొని 'ఏ లోపమూ లేదు' అని రాస్తే అతనింట అది అక్షరాలా నిజం. ఆ మాట నమ్మి మూడు వందల మెగాబిట్ల ప్లాను ఉన్నవాడు కొంటే, బయటి నుండి వచ్చే తీగ దగ్గరే అతని వేగం వందకు లోపల ఆగిపోతుంది. గాలిలో బాటలు ఎంత విశాలమైతే ఏమి లాభం? పిండి కొద్దీ రొట్టె. మొదటివాడు తన ప్లాను ఎంతో ఒక్క ముక్క రాసి ఉంటే రెండవవానికి డబ్బు మిగిలేది.

ఇది కేవలం చాదస్తపు పంతులు వాదం అనుకుంటారేమో. మా కింది వాటాలో ఒక కుటుంబం అద్దెకు ఉంటున్నది. తండ్రి దర్జీ. కూతురు పోటీ పరీక్షకు సిద్ధమవుతూ అంతర్జాలంలో పాఠాలు వింటున్నది. పాత ఇల్లు కావడంతో ముందు హాలుకూ వెనుక గదికీ మధ్య పద్దెనిమిది అంగుళాల గోడలు రెండు ఉన్నాయి. వెనుక గదిలో పాఠం మాటిమాటికీ ఆగిపోతుంటే, కుట్టుకూలి కూడబెట్టిన డబ్బుతో జోడుబాట రౌటరు తెప్పించారు. ఎవరో 'మూడంతస్తుల ఇంటికీ ఒక్కటే చాలింది' అని రాసిన మాటే వారికి ఆధారం. అది వచ్చి ముందు హాల్లో కూర్చున్నది, వెనుక గదిలో పాఠం మునుపటిలాగే ఆగిపోతున్నది. ఆ తల్లి నాతో అన్న మాట ఇది: "ఐదు చుక్కలున్నదే తెప్పించాం మాస్టారూ, ఇంకేం చూసుకోవాలండీ?"

ఆ ప్రశ్నకు ఆ అభిప్రాయం రాసినవాడు జవాబు చెప్పవలసి ఉన్నది. అతని మూడంతస్తుల ఇల్లు నడుమ మెట్లదారి తెరిచి ఉన్న కొత్త ఇల్లేమో. గోడలు పలుచనివేమో. అతడు అబద్ధమాడలేదు, సగం చెప్పి ఊరుకున్నాడు. ఈ కుటుంబం అంతకు మూడింతల ధర గల మరొక రౌటరు కోసం చిట్టీ పాడడానికి సిద్ధపడుతుండగా, కనెక్షను ఇచ్చిన కుర్రవాడు వచ్చి పదిహేను మీటర్ల తీగ లాగి, ఉన్న రౌటరునే నడవలోకి మార్చి, గోడకు ఎత్తున బిగించి, వెనుక గదికి 2.4 బాట వాడుకోమన్నాడు. కొన్ని వందల రూపాయలతో పని తీరింది. అయితే ఆ అమ్మాయికి అప్పటికే నెల రోజుల పాఠాలు పోయాయి. పరీక్ష తేదీ ఎవరి కోసమూ ఆగదు కదా.

మన తర్కశాస్త్రం ఈ సమస్యను ఎప్పుడో ఆలోచించింది. గౌతముని న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను అంగీకరించింది. ఇతరుల మాట విని తెలుసుకొనే జ్ఞానం శబ్దప్రమాణం. అయితే ఎవరి మాట పడితే వారి మాట ప్రమాణం కాదు, ఆప్తుని మాటే ప్రమాణం. ఆప్తుడెవరో వాత్స్యాయనుడు తన భాష్యంలో వివరించాడు. విషయాన్ని స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినదానిని ఎరిగినట్టే తెలియజెప్పాలనే కోరిక ఉండాలి. ఋషికైనా, ఆర్యునికైనా, మ్లేచ్ఛునికైనా ఈ లక్షణం ఒక్కటే అన్నాడు. కులగోత్రాలను చూడని గొప్ప నిర్వచనం అది. రౌటరు కొన్న ప్రతివాడూ దాని ప్రకారం ఆప్తుడు కాగలడు.

కాని మొదటి షరతును గమనించండి. యజమాని స్వయంగా ఎరిగినది ఏమిటి? తన ఇంట్లో, తన ప్లానుతో, తన ఫోనులో ఆ రౌటరు ఎలా నడిచింది అన్నదే. 'ఈ రౌటరు మంచిది' అన్నది అతడు ఎరిగినది కాదు, ఎరిగినదాని నుండి చేసిన అనుమానం. హేతువును చూపకుండా నిర్ణయాన్ని మాత్రమే మనకు అందిస్తున్నాడు. లెక్క చేసిన విధం చూపకుండా జవాబు మాత్రం రాసిన విద్యార్థికి లెక్కల మాస్టారు మార్కులు వేస్తారా?

రెండవ షరతు, ఉన్నదున్నట్టు చెప్పాలనే కోరిక, నేటి అంగడిలో మరీ అరుదైపోయింది. డబ్బు తీసుకొని రాసే పొగడ్తలు, పోటీదారుని దెబ్బతీయడానికి రాయించే తిట్లు పెరిగినందువల్లనే 2022లో భారతీయ ప్రమాణాల సంస్థ ఇటువంటి అభిప్రాయాల సేకరణకూ ప్రచురణకూ ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని వెలువరించింది. స్వచ్ఛందంగా పాటించవలసినదిగా ఆనాడు దానిని ప్రవేశపెట్టారు. ప్రభుత్వం ఏ నియమం చేసినా, ఇంటి వివరాలు అడగడమనే చిన్న పరీక్ష మన చేతిలోనే ఉన్నది. కూలికి పొగిడేవాడు నక్షత్రాలు ఎన్నైనా కురిపించగలడు. తన వంటింటి గోడ వెనుక ఎంత వేగం వచ్చిందో, ఏ నెలలో ఏ ఇబ్బంది కలిగిందో కల్పించడానికి అంత తేలికగా పూనుకోడు.

అయితే 'ఆడలేక మద్దెల ఓడు' అన్న సామెతను పట్టుకొని తప్పంతా యజమానులదే అనడం నా ఉద్దేశం కాదు. కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది. వారానికొకసారి తనంత తానే ఆగిపోయే రౌటర్లున్నాయి. ఏడాది తిరగకుండా అడాప్టరు కాలిపోయేవి ఉన్నాయి. వీటిని చెప్పేవారి మాట అమూల్యం. అయితే అటువంటి లోపం తెలియడానికి కాలం పట్టాలి. పెట్టె విప్పిన సాయంత్రమే రాసిన అభిప్రాయం పెళ్ళిచూపుల నాటి అభిప్రాయం వంటిది. మన ప్రాంతంలో మే నెల ఎండనూ, కరెంటు పోయి రావడాన్నీ, ఓల్టేజి హెచ్చుతగ్గులనూ ఒక ఏడు భరించిన రౌటరును గురించి దాని యజమాని చెప్పిన నాలుగు మాటలు, తొలినాటి నాలుగు వందల పొగడ్తలకంటె విలువైనవి.

ఎంత నిజాయితీ గల యజమానికైనా కంటికి కనబడని అంశం ఒకటున్నది. అది భద్రత. 2016లో మిరాయి అనే దుష్ట కార్యక్రమం, కొన్ననాటి సంకేతపదాలను మార్చని కెమెరాలనూ రౌటర్లనూ లక్షల సంఖ్యలో వశపరచుకొని వాటితో ఇతరులపై దాడులు చేయించింది. యజమానులలో అనేకులకు తమ పరికరం పరుల పని చేస్తున్నదన్న స్పృహ కూడా లేదు. అటువంటి రౌటరుకు కూడా వేగం బాగుంటే ఐదు నక్షత్రాలు పడతాయి. అందుచేత తయారీదారు సాఫ్ట్‌వేరు సవరణలు పంపుతున్నాడా, చివరిసారి ఎప్పుడు వచ్చింది అని ఒక వాక్యం రాసే యజమానికి మనం నమస్కరించాలి. నేను చదివినవాటిలో అటువంటివారు వేళ్ళ మీద లెక్కించదగినంతమందే కనబడ్డారు.

'కొన్నవాడికి ఇంత రాసే తీరిక ఎక్కడిది?' అని అడుగుతారు. నేను గ్రంథం రాయమనడం లేదు. ఎలా ఉండాలో ఒక నమూనా ఊహించి రాస్తున్నాను:

"మాది రెండు పడకగదుల ఫ్లాటు, ఇటుక గోడలు. రౌటరు హాల్లో నడుమెత్తు బల్లపై ఉన్నది. ప్లాను 100 మెగాబిట్లు. హాల్లో 5 బాటపై ఫోనులో 90 దాటుతున్నది. ఒక గోడ అవతల 60. రెండు గోడల అవతల వంటింట్లో 5 బాట అందదు, 2.4పై 20 వస్తున్నది. ఫిబ్రవరిలో కొన్నాను, జూనులో రాస్తున్నాను. ఎండాకాలంలో రెండుసార్లు ఆగి లేచింది."

ఇందులో ఒక్క పొగడ్త లేదు, ఒక్క తిట్టు లేదు, ఒక్క నక్షత్రమూ అక్కరలేదు. ఎవరి ఇంటికి సరిపడుతుందో చదివినవారు తామే నిర్ణయించుకోగలరు. రాయడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ దర్జీ కుటుంబానికి ఇటువంటి అభిప్రాయం ఒక్కటి కంటబడి ఉంటే 'రెండు గోడలు' అన్న మాట దగ్గరే ఆగి ఆలోచించేవారు.

కొనేవారికి కూడా ఒక మనవి. పై వరుసలోని ఐదు నక్షత్రాలనూ, అడుగున ఉన్న ఒక్క నక్షత్రాన్నీ కాసేపు పక్కన పెట్టి నడిమివాటిని చదవండి. అటూ ఇటూ తూచి చూసే ఓపిక గలవారు సాధారణంగా అక్కడే కనబడతారు. మీ ఇంటివంటి ఇల్లు, మీ ప్లానువంటి ప్లాను ఉన్నవాని మాటను మాత్రమే లెక్కలోకి తీసుకోండి. అంతకంటె ముందు, ఉన్న రౌటరునే బీరువా పక్క నుండి తీసి ఇంటి నడిబొడ్డున ఎత్తుగా పెట్టి చూడండి. ఖర్చు లేని పరిశోధన అది.

అభిప్రాయం అంటే మన మనసులోని మాట బయటపెట్టి తృప్తిపడడం మాత్రమే కాదు. దానిని నమ్మి ఎక్కడో ఒకరు తమ చెమట సొమ్ము ఖర్చు చేస్తారు. వారెవరో మనకు తెలియదు, మన ఇల్లు ఎటువంటిదో వారికి తెలియదు. ఆ రెండవ లోటును తీర్చడం మన చేతిలో పని. కాబట్టి మీరు ఈసారి ఒక రౌటరును మెచ్చుకోదలచినా, దుమ్మెత్తిపోయదలచినా, మొదటి వాక్యంగా మీ ఇంటి గోడల సంగతి రాయండి. తక్కినది తరువాత.